లైటు వెలిగింది, నెట్ రాలేదు

వైఫై డాంగిల్ ల్యాప్‌టాప్‌కు గుచ్చితే నిమిషంలో పనిచేస్తుంది. అదే డాంగిల్‌ను చిన్న లినక్స్ బోర్డుకు గుచ్చితే నీలం లైటు మిణుకుమంటుంది, అంతే. నెట్‌వర్కుల జాబితా ఖాళీగా ఉంటుంది. అక్కణ్ణుంచి చాలామంది చేసేది ఒకటే పని. ఎక్కడ ఏ కమాండ్ కనిపిస్తే దాన్ని కాపీ చేసి టెర్మినల్లో కొట్టడం, అది పనిచేయకపోతే ఇంకోటి కొట్టడం. గంట గడిచేసరికి ఏ ఫైలు మార్చామో, ఏ ప్యాకేజీ పీకేశామో, ఏ డ్రైవర్‌ను బ్లాక్‌లిస్టులో పెట్టామో మనకే గుర్తుండదు. అసలు సమస్య ఒకటైతే, మనం తెచ్చిపెట్టుకున్నవి నాలుగు. అప్పుడు పక్కనున్న మిత్రుడు "ఓఎస్ మళ్లీ ఎక్కించెయ్ రా, అదే పోతుంది" అంటాడు. నాకు ఈ సలహా అస్సలు పడదు. ఓఎస్ మళ్లీ ఎక్కిస్తే మనం పోగేసిన చెత్త పోతుందేమో గానీ, మొదటి సమస్య మాత్రం కదలకుండా అక్కడే కూర్చుని ఉంటుంది.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో డాంగిల్‌కేం పని అని మీరు అడగవచ్చు. ఓపిక గురించి, క్రమశిక్షణ గురించి ఉపన్యాసాలు చాలా విన్నాం. ఆ రెండూ మనలో ఎంతున్నాయో నిజంగా తేల్చే పని ఒకటి చేతికిస్తే ఉపన్యాసం అక్కర్లేదని నా నమ్మకం. వైఫై డాంగిల్ అలాంటి పని. ఖర్చు తక్కువ, ప్రాణాపాయం లేదు, అబద్ధం చెప్పదు.

ఈ పనికి ఒకే ఒక్క సూత్రం పెట్టుకుందాం: ఎక్కడ ఆగిందో తెలియకుండా దేన్నీ మార్చవద్దు. డాంగిల్ గుచ్చిన క్షణం నుంచి నెట్ వచ్చేదాకా దారిలో కొన్ని మెట్లున్నాయి. కరెంటు సరిగా అందిందా? బోర్డు దాన్ని గుర్తుపట్టిందా? డ్రైవర్ దాన్ని చేపట్టిందా? ఫర్మ్‌వేర్ లోడయిందా? ఇంటర్‌ఫేస్ లేచిందా? రౌటర్ లోపలికి రానిచ్చిందా? ఐపీ అడ్రస్ వచ్చిందా? కింది మెట్టు మీద "అవును" అని రుజువు దొరికాకే పై మెట్టు ఎక్కాలి. డ్రైవరే లేని చోట పాస్‌వర్డ్ పదిసార్లు మార్చి కొట్టేవాళ్లను చూస్తుంటాం. వాళ్లకు కష్టపడే గుణం ఉంది, ఆ కష్టం తప్పుడు మెట్టు మీద పెడుతున్నారు.

ఏ బోర్డులకు ఈ గొడవ

2012 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి ర్యాస్ప్‌బెర్రీ పైలో వైఫై లేదు. 2013లో వచ్చిన బీగల్‌బోన్ బ్లాక్‌లోనూ లేదు. 2016లో పై 3 వచ్చాకే ఆ కుటుంబంలో వైఫై బోర్డు మీదకు ఎక్కింది. ఆరెంజ్ పై, నానో పై పేర్లతో వచ్చిన చవక బోర్డుల్లో ఇప్పటికీ వైఫై లేని మోడళ్లున్నాయి. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో బీరువాల్లో పడి ఉన్నవి ఎక్కువగా ఇలాంటివే. పాతవని పారేయనక్కర్లేదు. పొలంలో తేమ కొలవడానికో, ఇంట్లో ప్రకటనలు అడ్డుకునే డీఎన్ఎస్ సర్వర్‌గానో అవి నిక్షేపంగా పనికొస్తాయి. వైఫై ఉన్న కొత్త బోర్డులకూ ఒక్కోసారి డాంగిల్ కావాల్సి వస్తుంది. బోర్డును ఇనప డబ్బాలో బిగిస్తే లోపలి యాంటెన్నాకు సిగ్నల్ అందదు. ఒక వైఫైతో నెట్ అందుకుని రెండో వైఫైతో పంచాలన్నా ఇంకో రేడియో ఉంటేనే సుఖం.

ముందు కరెంటు

చిన్న బోర్డుల మీద వైఫై మొరాయిస్తే అందరూ సాఫ్ట్‌వేర్‌ను అనుమానిస్తారు. నేనైతే ముందు ఛార్జర్‌ను, దాని కేబుల్‌ను అనుమానిస్తాను. లైటు వెలుగుతోంది కదా, కరెంటు అందుతున్నట్టే కదా అనిపిస్తుంది. లైటుకు కావలసింది ఏ పదో ఇరవయ్యో మిల్లీఆంపియర్లు. రేడియో ప్రసారం మొదలుపెట్టిన క్షణంలో అది వందల్లోకి పోతుంది. యూఎస్‌బీ 2.0 ప్రమాణం ఒక్కో పరికరానికి 500 మిల్లీఆంపియర్ల దాకా ఒప్పుకుంటుంది. బోర్డు అంత ఇవ్వగలదా అన్నది వేరే ప్రశ్న. మొట్టమొదటి విడత ర్యాస్ప్‌బెర్రీ పై మోడల్ బి బోర్డుల్లో యూఎస్‌బీ పోర్టులకు 140 మిల్లీఆంపియర్ల ఫ్యూజులు పెట్టారు. కీబోర్డుకూ మౌసుకూ అవి చాలు, వైఫైకి చాలవు. తర్వాతి విడతల్లో వాటిని తీసేశారు. తీసేశాక ఇంకో చిక్కు వచ్చింది. బోర్డు నడుస్తుండగా డాంగిల్ గుచ్చితే ఒక్కసారిగా కరెంటు లాగి బోర్డే రీస్టార్ట్ అయ్యేది. కాబట్టి పాత బోర్డులకు డాంగిల్‌ను ముందే గుచ్చి, ఆ తర్వాత పవర్ ఇవ్వండి.

మీ దగ్గరున్నది పై బి ప్లస్ గానీ, దాని తర్వాత పై 4 దాకా వచ్చిన పెద్ద మోడల్ గానీ అయితే ఓ చిన్న పరీక్ష చేయండి. డాంగిల్ గుచ్చి, నెట్‌వర్కులు వెతకమని కమాండ్ ఇచ్చి, స్క్రీన్ వైపు చూడకుండా బోర్డు మీది ఎర్ర లైటును చూడండి. వోల్టేజి సుమారు 4.63 కంటే దిగజారితే ఆ లైటు ఆరిపోయేలా డిజైన్ చేశారు. స్కాన్ మొదలవగానే ఎర్ర లైటు ఒక్కసారి తడబడి మళ్లీ వెలిగిందంటే మీ జవాబు దొరికినట్టే. కెర్నల్ లాగ్‌లో కూడా "అండర్-వోల్టేజ్ డిటెక్టెడ్" అనే వాక్యం పడుతుంది. ఆ బోర్డుకే ప్రత్యేకమైన వీసీజెన్‌కమాండ్ అనే సాధనంతో థ్రాట్లింగ్ స్థితి అడగవచ్చు. సున్నా వస్తే మంచిది. 50000 అనే అంకె కనిపిస్తే, బూట్ అయినప్పటి నుంచి ఎప్పుడో ఒకప్పుడు వోల్టేజి పడిందనీ, దానివల్ల ప్రాసెసర్ వేగం తగ్గిందనీ అర్థం.

ఛార్జర్ మీద 2 ఆంపియర్లని రాసి ఉన్నంత మాత్రాన బోర్డు దాకా అంతా చేరుతుందని లేదు. మధ్యలో సన్నటి తీగలున్న పొడవాటి కేబుల్ ఉంటే వోల్టేజి దారిలోనే ఖర్చయిపోతుంది. అందుకని ముందు పొట్టిగా, లావుగా ఉండే కేబుల్‌తో చూడండి, తర్వాత ఛార్జర్ మార్చండి, అప్పటికీ కాకపోతే సొంత పవర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టండి. బీగల్‌బోన్ వాడేవాళ్లు దాన్ని కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి నడుపుతూ వైఫై రావాలంటే కుదరదు. ఆ దారిలో బోర్డు మొత్తానికీ అందేది 500 మిల్లీఆంపియర్లే. పక్కనున్న గుండ్రటి జాక్‌కు 5 వోల్టుల అడాప్టర్ ఇవ్వాలి. పాత కెర్నళ్లతో ఆ బోర్డు, బూట్ అయ్యాక గుచ్చిన డాంగిల్‌ను అసలు గుర్తించకపోవడం కూడా ఉంది. దానికీ మందు అదే, ముందే గుచ్చి పవర్ ఇవ్వడం.

కరెంటు సమస్య రకరకాల వేషాల్లో వస్తుంది. పాస్‌వర్డ్ సరిగ్గా ఉన్నా "కీ తప్పు" అంటుంది. ఐదు నిమిషాలు బాగా నడిచి డాంగిల్ మాయమవుతుంది. పెద్ద ఫైలు డౌన్‌లోడ్ చేసినప్పుడే తెగుతుంది. ఈ మూడింట్లో ఏది కనిపించినా కాన్ఫిగరేషన్ ఫైలు ముట్టుకోకముందే కేబుల్ మార్చి చూడండి.

పెట్టె మీది పేరు వదిలెయ్యండి

లినక్స్‌కు కంపెనీ పేరుతో పని లేదు. లోపలున్న చిప్పు ఏదన్నదే దానికి కావాలి. పెట్టె మీద మోడల్ నంబరు చూసి కొన్నా లాభం లేని సందర్భాలున్నాయి. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే మోడల్ ఇందుకు అందరూ చెప్పే ఉదాహరణ. దాని మొదటి వెర్షన్‌లో ఎథెరోస్ ఏఆర్9271 చిప్పు ఉంది. లినక్స్‌లో గుచ్చితే చాలు, పలుకుతుంది. రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ 8188ఈయూఎస్ పెట్టారు. పేరు అదే, పొడవాటి యాంటెన్నా అదే, లోపల సంగతి వేరు. మొదటి వెర్షన్ గురించి ఎవరో మెచ్చుకుంటూ రాసింది చదివి రెండోది కొన్నవాళ్లు ఎందరో ఉంటారు.

చిప్పు తెలుసుకోవడానికి బోర్డు మీద ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొట్టండి. డాంగిల్ పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి. కొత్తగా వచ్చిన వరుసే మీ డాంగిల్. ఆ వరుసలో కోలన్‌కు అటూ ఇటూ నాలుగేసి అక్షరాల ఐడీ ఉంటుంది. మొదటి నాలుగు తయారీదారువి, తర్వాతి నాలుగు ఆ పరికరానివి. 148ఎఫ్:5370 అని ఉంటే రాలింక్ ఆర్‌టీ5370. 148ఎఫ్:7601 అయితే మీడియాటెక్ ఎంటీ7601యూ. 0సీఎఫ్3:9271 అయితే ఇందాక చెప్పిన ఎథెరోస్. 0బీడీఏ తో మొదలైతే రియల్‌టెక్. అందులో 8176 అంటే 8188సీయూఎస్, 8179 అంటే 8188ఈయూఎస్, 8812 అంటే రెండు బ్యాండ్ల 8812ఏయూ. ఈ ఎనిమిది అక్షరాలూ ఒక కాగితం మీద రాసుకోండి. ఇకపై మీరు వెతికే ప్రతి సమాచారమూ ఈ ఐడీ పేరుతోనే వెతకాలి, పెట్టె మీది పేరుతో కాదు.

ఆ వరుసే రాకపోతే మీరింకా కరెంటు మెట్టు మీదో, పోర్టు మెట్టు మీదో ఉన్నట్టు. వెనక్కి వెళ్లండి.

ఒక తమాషా కూడా ఉంది. కొన్ని కొత్త రియల్‌టెక్ డాంగిళ్లు గుచ్చగానే 0బీడీఏ:1ఏ2బీ అనే ఐడీతో కనిపిస్తాయి. అది వైఫై ఐడీ కాదు. విండోస్ డ్రైవర్‌ను తనలోనే దాచుకుని, డాంగిల్ మొదట తనను తాను సీడీ డ్రైవ్‌లా చూపించుకుంటుంది. విండోస్ వాడేవాళ్లకు డ్రైవర్ వెతుక్కునే పని తప్పించాలని చేసిన ఏర్పాటు ఇది. లినక్స్‌లో యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ దాన్ని తట్టి లేపితే, సీడీ వేషం వదిలి సీ811 లాంటి అసలు ఐడీతో మళ్లీ వస్తుంది. ఇది తెలియక డ్రైవర్ల మీద డ్రైవర్లు కంపైల్ చేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది. వైఫై ఇంకా లేవనే లేదు, డ్రైవర్ ఎవరికి?

కెర్నల్ ఏమంటోంది

తర్వాతి కమాండ్ డి-ఎం-ఇ-ఎస్-జి, అంటే కెర్నల్ డైరీ. డాంగిల్ తీసి గుచ్చి, వెంటనే చివరి ఇరవై ముప్పై వరుసలు చదవండి. చదవండి అంటే నిజంగానే చదవండి. ఎర్ర అక్షరాలు కనిపించగానే పైకి తోసేయడం మనకలవాటు. ఒక్కో వరుసా నిదానంగా చూస్తే ఇందులో కథంతా ఉంటుంది.

మొదట "కొత్త హై-స్పీడ్ యూఎస్‌బీ పరికరం" అన్న వరుస రావాలి. హై-స్పీడ్ అంటే సెకనుకు 480 మెగాబిట్లు. మీ డాంగిల్‌కు ఆ చోట ఫుల్-స్పీడ్ అని ఉంటే అది 12 మెగాబిట్ల వేగం, పేరు చూసి మోసపోకండి. హబ్‌లోనో కేబుల్‌లోనో లోపం ఉంది. "డిస్క్రిప్టర్ రీడ్" అంటూ మైనస్ 71 గానీ మైనస్ 110 గానీ వస్తే, పరికరం మాట పూర్తిగా చెప్పకముందే లైను తెగిపోతోందన్నమాట. మళ్లీ కరెంటు, కేబుల్. డ్రైవర్‌తో దానికి సంబంధం లేదు.

ఐడీ చక్కగా వచ్చి, ఆ తర్వాత నిశ్శబ్దంగా ఉంటే డ్రైవర్ లేదు. డ్రైవర్ పేరు వచ్చి, దాని కింద "ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్డ్, ఎర్రర్ మైనస్ 2" అని ఉంటే డ్రైవర్ ఉంది, ఫర్మ్‌వేర్ లేదు. చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా కలిపేస్తారు. డ్రైవర్ కెర్నల్ వైపు ఉండే ప్రోగ్రాం. ఫర్మ్‌వేర్ చిప్పు లోపల నడిచే ప్రోగ్రాం, కానీ పవర్ పోతే చిప్పుకు అది గుర్తుండదు కాబట్టి ప్రతిసారీ బోర్డే అందించాలి. మైనస్ 2 అంటే "ఆ పేరుతో ఫైలు లేదు" అని, ఇంకేమీ లేదు. ఏ ఫైలు కావాలో కూడా ఆ వరుసలోనే రాసి ఉంటుంది. ఆర్‌టీ5370కి ఆర్‌టీ2870.బిన్, మీడియాటెక్‌కు ఎంటీ7601యూ.బిన్. డెబియన్ 12లో ఈ రెండూ ఫర్మ్‌వేర్-మిస్క్-నాన్‌ఫ్రీ ప్యాకేజీలోనూ, రియల్‌టెక్‌వి ఫర్మ్‌వేర్-రియల్‌టెక్‌లోనూ ఉంటాయి. వీటి సోర్సు బయటికివ్వలేదు కాబట్టి డెబియన్ వాళ్లు చాలాకాలం ఇన్‌స్టాలర్‌లో చేర్చలేదు. 2022లో ఓటింగ్ పెట్టుకుని మనసు మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఈ బాధ బాగా తగ్గింది. పాత ఇమేజ్‌లు వాడేవాళ్లకు మాత్రం ఇంకా ఉంది. ఏఆర్9271 మీద గౌరవం ఎక్కువగా ఉండటానికి ఇదో కారణం. 2013లో దాని ఫర్మ్‌వేర్ సోర్సును కూడా విడుదల చేశారు.

ఇక్కడ ఒక ముడి పడుతుంది. ఫర్మ్‌వేర్ డౌన్‌లోడ్ చేయాలంటే నెట్ కావాలి. నెట్ రావాలంటే ఫర్మ్‌వేర్ కావాలి. ఈథర్‌నెట్ పోర్టు ఉంటే రౌటర్‌కు కేబుల్ వేసేయండి. లేకపోతే మీ ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. డేటా కేబుల్‌తో బోర్డుకు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే, బోర్డుకు అది ఈథర్‌నెట్ కార్డులా కనిపిస్తుంది, చాలా వ్యవస్థల్లో యూఎస్‌బీ0 అనే పేరుతో. మొబైల్ డేటాతోనే పని జరిగిపోతుంది. ఫోన్‌ను ముందే ఫుల్‌గా ఛార్జ్ చేసుకోండి. లేకపోతే అది బోర్డు నుంచి కరెంటు లాగి, మనం ఇందాకే దాటొచ్చిన మెట్టు మీదికి మళ్లీ తోసేస్తుంది.

బయటి డ్రైవర్ల సంగతి

కెర్నల్‌లో లేని డ్రైవర్‌ను సోర్సు తెచ్చి కంపైల్ చేయడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నేర్చుకోవడానికైతే చేయండి. పొలంలోనో, మరో ఊళ్లోనో పెట్టి వచ్చే బోర్డు కోసమైతే చేయకండి. కెర్నల్ ప్రతి అప్‌డేట్‌కూ ఆ డ్రైవర్‌ను మళ్లీ కట్టాలి. డీకేఎంఎస్ అనే సాధనం ఆ పని దానంతటదే చేస్తుందంటారు, నిజమే, కానీ దానికి సరిగ్గా ఆ కెర్నల్ వెర్షన్ హెడర్లు బోర్డులో ఉండాలి. యునేమ్ హైఫన్ ఆర్ అని కొడితే వచ్చే వెర్షన్, హెడర్ల ప్యాకేజీ వెర్షన్ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. చవక బోర్డులతో తయారీదారు ఇచ్చే కెర్నల్ ఏళ్లనాటిది ఉంటుంది. ఆల్‌విన్నర్ చిప్పులున్న బోర్డులతో 3.4 కెర్నల్ ఇచ్చిన రోజులున్నాయి. వాటికి హెడర్లు దొరకవు, దొరికినా కలవవు. అలాంటి బోర్డుకు ఆర్మ్‌బియన్ అనే ఓఎస్ ఇమేజ్ దొరుకుతుందేమో ముందు చూడండి. నేను ఓఎస్ మార్చమని చెప్పే ఒకే ఒక్క సందర్భం ఇది. ఎందుకు మారుస్తున్నామో మనకు తెలిసి మారుస్తున్నాం.

వైఫై మీదనే ఆధారపడ్డ బోర్డులో వైఫై డ్రైవర్ బయటిదైతే, కెర్నల్ అప్‌డేట్ చేసిన రాత్రి డ్రైవర్ కట్టడం విఫలమైందనుకోండి, పొద్దునకు ఆ బోర్డుతో మాట్లాడే దారే ఉండదు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఇదే. అందుకే సీరియల్ కేబుల్ ఒకటి దగ్గర పెట్టుకోవాలి. 3.3 వోల్టుల యూఎస్‌బీ-టీటీఎల్ కేబుల్, 115200 బాడ్ రేటు. 5 వోల్టుల కేబుల్ పెట్టి పిన్నులు కాల్చుకోకండి.

కాలం మాత్రం మన వైపే ఉంది. ఎంటీ7601యూ డ్రైవర్ 2015లో కెర్నల్ 4.2తో లోపలికొచ్చింది. రెండు బ్యాండ్లున్న ఎంటీ7612యూది 2018లో 4.19తో వచ్చింది. రియల్‌టెక్ 8821సీయూ, 8822బీయూలది 6.2తో, ఏళ్లుగా అందరినీ ఏడిపించిన 8812ఏయూది 6.14తో వచ్చాయి. మీ దగ్గరున్న డాంగిల్‌కు మూడేళ్ల కిందట రాసిన కష్టాల పురాణం ఇవాళ వర్తించకపోవచ్చు. ముందు కెర్నల్ వెర్షన్ చూసుకోండి. కొత్త కెర్నల్‌తో వచ్చే చిక్కు ఇంకోటి, ఒకే చిప్పుకు రెండు డ్రైవర్లు పోటీ పడటం. 8188సీయూఎస్‌కు పాత ఆర్‌టీఎల్8192సీయూ, కొత్త ఆర్‌టీఎల్8ఎక్స్ఎక్స్ఎక్స్‌యూ రెండూ ముందుకొస్తాయి. ఒకదాన్ని బ్లాక్‌లిస్టు చేసి రెండోదాన్ని పరీక్షించండి, తర్వాత తారుమారు చేసి చూడండి. ఏది బాగుందో నోటుబుక్కులో రాయండి.

కనిపిస్తోంది, కలవడం లేదు

డబ్ల్యూలాన్0 వస్తుందని ఎదురుచూస్తే రాదు, డబ్ల్యూఎల్ఎక్స్ తర్వాత పన్నెండు అక్షరాల పొడుగు పేరు వస్తుంది. అది డాంగిల్ ఎంఏసీ అడ్రసు. కంగారేం లేదు, మీ కాన్ఫిగరేషన్ ఫైల్లో ఆ పేరు రాయండి. ఆర్ఎఫ్‌కిల్ అనే కమాండ్ చూపే లిస్టులో బ్లాక్ అని ఉందేమో చూడండి. ర్యాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో దేశం ఎంచుకునేదాకా వైఫైని బ్లాక్ చేసి ఉంచుతారు. దేశం ఐఎన్ అని పెట్టాలి. పెట్టకపోతే కెర్నల్ "00" అనే అతిజాగ్రత్త నియమావళిలో ఉండిపోతుంది. అప్పుడు 12, 13 ఛానళ్లలో అది ముందుగా నోరు విప్పదు, వింటూ కూర్చుంటుంది. అమెరికా అని పెడితే ఆ రెండు ఛానళ్లు అసలు కనిపించవు. పక్కింటి వైఫై కనిపించి మనది కనిపించలేదంటే మన రౌటర్ ఏ ఛానల్‌లో ఉందో చూడాలి. ఇంకో మామూలు కారణం, డాంగిల్ 2.4 గిగాహెర్ట్జ్‌దే అయి ఉండి రౌటర్ 5లో మాత్రమే పాడుతుండటం. ఫోన్‌లో వస్తోంది, బోర్డులో రావట్లేదు అనే ఫిర్యాదుల్లో ఇది చాలా ఉంటుంది.

రౌటర్‌లో భద్రత డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత చిప్పులు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి. డబ్ల్యూపీఏ2 కూడా ఒప్పుకునేలా మార్చండి. పాస్‌వర్డ్ ఎనిమిది నుంచి అరవై మూడు అక్షరాల మధ్య ఉండాలి. చివర్లో ఖాళీ ఒకటి చేరినా అది వేరే పాస్‌వర్డే. కాన్ఫిగరేషన్ ఫైలు ఎక్కడ రాయాలన్నది మీ ఓఎస్‌ను బట్టి ఉంటుంది. ర్యాస్ప్‌బెర్రీ పై ఓఎస్ 2023 అక్టోబరులో నెట్‌వర్క్‌మేనేజర్‌కు మారింది. అంతకుముందు రాసిన పాఠాలు డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఫైలును దిద్దమంటాయి. రెండు పద్ధతులూ ఒకేసారి వాడితే అవి డాంగిల్‌ను చెరోవైపు లాగుతాయి. ఒకటే ఉంచండి. నెట్‌వర్క్‌మేనేజర్ స్కాన్ చేసేటప్పుడు ఎంఏసీ అడ్రసు మార్చి చూపే అలవాటు కొన్ని రియల్‌టెక్ డ్రైవర్లకు పడదు. స్కాన్ ర్యాండ్ మ్యాక్ అడ్రస్ అనే అంశాన్ని "నో" చేస్తే కొందరికి అక్కడితో తీరిపోతుంది.

ఐపీ వచ్చింది, అయినా వెబ్‌సైట్లు తెరుచుకోవట్లేదంటే తేదీ చూడండి. ఈ బోర్డుల్లో చాలావాటికి గడియారానికి బ్యాటరీ ఉండదు. 1970 జనవరి 1 అని బోర్డు నమ్ముతుంటే ఏ సర్టిఫికెట్టూ దానికి చెల్లనిదే.

కలుస్తోంది, తెగుతోంది

పది నిమిషాలు ముట్టుకోకపోతే ఎస్‌ఎస్‌హెచ్ బిగుసుకుపోతుంది, కీబోర్డు నొక్కితే రెండు సెకన్ల తర్వాత అక్షరం వస్తుంది. ఇది పవర్ సేవింగ్ పని. డాంగిల్ కునుకు తీస్తోంది. ఐడబ్ల్యూ కమాండ్‌తో పవర్ సేవ్ ఆఫ్ చేసి చూడండి. బాగుంటే శాశ్వతంగా పెట్టండి. పాత రియల్‌టెక్ 8192సీయూ డ్రైవర్‌కైతే మాడ్యూల్ ఆప్షన్లలో పవర్ మేనేజ్‌మెంట్‌ను సున్నా చేయాల్సి వచ్చేది.

పై 4 లాంటి బోర్డుల్లో నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులున్నాయి. వేగం ఎక్కువ కదా అని 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్‌ను హార్డ్‌డిస్క్ పక్కనే అందులో గుచ్చుతారు. యూఎస్‌బీ 3 సిగ్నల్ నుంచి పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 బ్యాండ్‌లోనే పడుతుందని ఇంటెల్ 2012లోనే పత్రం రాసి చెప్పింది. డాంగిల్‌ను నల్ల పోర్టులోకి మార్చండి. అరమీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి బోర్డుకు దూరంగా పెడితే ఇంకా మంచిది. డబ్బులు పెట్టి పెద్ద యాంటెన్నా కొనేముందు ఈ కేబుల్ ప్రయత్నించండి.

సాయం అడిగే పద్ధతి

మెట్లన్నీ ఎక్కినా తేలకపోతే ఎవరినైనా అడగాల్సిందే, అందులో చిన్నతనమేమీ లేదు. కానీ "సార్, వైఫై రావట్లేదు, ప్లీజ్ హెల్ప్" అని అడిగితే ఎంత మంచివాడైనా ఏం చెప్పగలడు? బోర్డు పేరు, ఓఎస్ వెర్షన్, కెర్నల్ వెర్షన్, ఎల్ఎస్‌యూఎస్‌బీ ఐడీ, కెర్నల్ లాగ్‌లో డాంగిల్ గుచ్చాక వచ్చిన వరుసలు, ఏ ఛార్జర్ వాడుతున్నారు, ఇప్పటిదాకా ఏమేం మార్చారు, ఇవన్నీ రాసి అడగండి. రాస్తూ ఉండగానే సగం మందికి జవాబు తట్టేస్తుంది. ఒకసారి ఒకటే మారుస్తూ వచ్చి ఉంటే ఆఖరి అంశం రాయడం తేలిక. అలా చేయకపోతే కొత్త మెమరీ కార్డు మీద తాజా ఇమేజ్ ఎక్కించి, దాంతో పోల్చి చూడండి. పాత కార్డును తుడిచేయకండి, అందులో సాక్ష్యం ఉంది.

గంటకు మించి ఒకే మెట్టు మీద నిలబడిపోతే లేచి వెళ్లిపోండి. మొండితనాన్ని పట్టుదల అని పిలుచుకునే అలవాటు ఈ రంగంలో బాగా ఉంది. కొన్ని వందల రూపాయల డాంగిల్ కోసం రెండు రాత్రుల నిద్ర ఖర్చు చేయడంలో ఘనత లేదు.

కొనేటప్పుడు

మామూలు పనికి, 2.4 గిగాహెర్ట్జ్ చాలనుకుంటే ఆర్‌టీ5370 తీసుకోండి. వేగం మోస్తరుగానే ఉంటుంది, ఎన్నేళ్లుగానో కెర్నల్‌లో కుదురుకుంది, బోర్డునే హాట్‌స్పాట్‌గా మార్చాలన్నా సహకరిస్తుంది. రెండు బ్యాండ్లూ కావాలంటే ఎంటీ7612యూ. కరెంటు ఎక్కువ తాగుతుంది కాబట్టి పవర్ ఉన్న హబ్ సిద్ధం చేసుకోండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో కొంటుంటే ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లి, కౌంటర్ దగ్గరే గుచ్చి ఐడీ చూసుకోండి. విండోస్‌లో అయితే డివైస్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ ఐడీస్ అనే చోట వీఐడీ, పీఐడీ అని అవే ఎనిమిది అక్షరాలు కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో కొంటే వచ్చిన రోజే గుచ్చి చూడండి. మీ కెర్నల్‌లో ఆ ఐడీకి డ్రైవర్ లేకపోతే కంపైల్ చేయడం మొదలుపెట్టకండి. రిటర్న్ గడువు ముగిసేలోగా తిరిగి పంపించేయండి.